ఉసిళ్ల సాయంకాలము
(మన సంఘపు మాసికసభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై సాధారణముగా పండితులు కావ్యములను గూర్చియు, కార్యదర్శులు చందా బాకీలను గూర్చియు ప్రసంగింతురు. మేము నేడు చెప్పబోవునది ఆ రెండింటిలో దేనికిని చెందదు. వాన వెలిసిన సాయంకాలమున మన పెరంబూరు వీథులపై ఎగురు పురుగులను పక్షులు పట్టి తిను విధమును గూర్చి కొన్ని మాటలు చెప్పుటకై నిలిచితిమి. కోవెల వెనుకనున్న ఖాళీస్థలమునంతను రాతిపలకలతో కప్పవలెనను ప్రతిపాదన ఈ సభానంతరము చర్చకు రానున్నది. ఆ స్థలమున ఏటేట ఏమి జరుగుచున్నదో వినిన పిమ్మట చర్చించుట మేలని మా తలంపు.

మొదట పురుగు సంగతి. వాన వెలిసి, గాలి స్తంభించి, తడినేలనుండి ఆవిరి లేచుచుండగా పుట్టయొద్దను, దాని చుట్టునున్న నేలలోను సన్నని బీటలు విచ్చుకొనును. ఆ బీటలనుండి రెక్కల పురుగులు పొగవలె పైకి లేచును. వీనినే మన పెద్దలు ఉసిళ్లనిరి. కొన్ని సీమలవారు ఈసుళ్లందురు. మన పొరుగువారైన తమిళులు ఈసల్ అందురు. ఈసుళ్లు, ఈసల్ ఒక తల్లి బిడ్డలని చెవికే తెలియును. జనము విరివిగా వచ్చిపడినచో 'ఉసిళ్లవలె వచ్చిరి' అని మన యిండ్లలో నేటికిని అందుము. కాని దీపము చుట్టును తిరుగుచున్న పురుగును చూపి దీని పేరేమని యడిగినచో మన పిల్లలు ఈసల్ అనియే చెప్పుదురు. చెప్పనిండు, ఉన్న ఊరి మాట రావలసినదే. మన మాటయు దాని ప్రక్కన చోటు చేసికొని కూర్చుండిన చాలును.

ఉసిలి చీమ కాదు, చెదపురుగు. చూచి గుర్తించుట కష్టము కాదు. రెక్కల చీమకు నడుము సన్నము. ముందు రెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి. ఉసిలికి నడుము సన్నగిల్లదు. నాలుగు రెక్కలును ఇంచుమించు ఒకే పొడవుండును. పుట్టలోని పనిచెదలు కన్నులు లేక చీకటిలోనే బ్రతికి చీకటిలోనే గతించును. వానకాలమునకు వాని కుటుంబములో కొన్నింటికి మాత్రము కన్నులును రెక్కలును వచ్చును. ఇవి కాబోవు రాజులును రాణులును. బయటికి వచ్చి, కొంతదూర మెగిరి, నేలవ్రాలి, ఆ రెక్కలను తామే విదల్చివైచి, జంటలు జంటలుగా మట్టిలో దూరును. మరునాటి యుదయమున మన గడపలయొద్ద గుట్టలుగా పడియుండి, చీపురు తగులగనే ఎగిరిపోవు పలుచని రెక్కలు అవియే. బయలుదేరినవానిలో క్రొత్త పుట్టకు మూలమగునవి బహు స్వల్పము. తక్కినవన్నియు పరుల ఆహారము. చుట్టుప్రక్కల పుట్టలన్నింటిలోని ఉసిళ్లు ఒకే సాయంకాలమున లేచుటలో రహస్య మిదియే. తినువారి కడుపులన్నియు నిండిన తరువాత గూడ కొన్ని మిగులవలెను.

తినువారిలో మనుష్యులును కలరని యిక్కడి పిల్లలు వినియుండకపోవచ్చును. తెలుగుపల్లెలలోను, తమిళపల్లెలలోను పుట్టయొద్ద దీపము పెట్టి ఉసిళ్లను పట్టి, ఎండబెట్టి, వేయించి, బియ్యముతోనో బెల్లముతోనో కలిపి తినెడివారు. క్రొవ్వు నిండిన పురుగు గనుక మంచి రుచియని తినినవారు చెప్పుదురు. పట్టణమునకు వచ్చిన పిమ్మట మన కుటుంబములలో ఈ యలవాటు పోయినది. ఇప్పుడు మనము చేయునదెల్ల ఇంటి దీపములార్పి, ఒక్క దీపము క్రింద నీళ్లపళ్లెము పెట్టి, బల్లులతో పోటీపడుటయే.

ఇక పక్షుల సంగతి. సాయంకాలము ఐదుగంటలకు వాన నిలిచినదనుకొందము. ఆశ్వయుజ కార్తికములలో మన చెన్నపట్నమున ఆరుగంటలలోపుగనే ప్రొద్దు గ్రుంకును. కనుక ఈ విందునకు గడువు గంటకు మించదు.

మొట్టమొదట పసిగట్టునది కాకి. అది పుట్టప్రక్కన నిలిచి, బీటనుండి వెలువడు ఉసిళ్లను ఎగురకముందే ఒక్కొక్కటిగా ఏరుకొనును. గాలిలో పట్టుటకు ప్రయత్నించినప్పుడు మాత్రము కాకివంటి మొద్దు వేరొకటి లేదు. మెడ సాచి, రెక్కలు టపటప కొట్టుకొని, మూడింట రెండు వదలివైచును. గోరువంకలు కాకుల నడుమనే, కాని వానికి అందనంత దూరమున, పెండ్లిపందిటిలోని పెద్దమనుష్యులవలె అటునిటు నడచుచు తినును. పిచ్చుకలు రెక్కలూడి ప్రాకువానిని చూచుకొనును. పిచ్చుక గింజలు తిను పక్షియని మన మనుకొందుము. నిజమే, కాని గూటిలోని పిల్లలకు అది పురుగులనే తెచ్చి పెట్టును. మన యింటి బియ్యపుచేటలో తినిన పిచ్చుక సయితము పురుగు దొరకని వీథిలో పిల్లలను పెంచజాలదు.

నేలనుండి తలయెత్తి తీగలవంక చూచినచో అక్కడ పసులపోలిగాడు కూర్చుండియుండును. నిలువెల్ల నిగనిగలాడు నలుపు, చేపతోకవలె చీలిన పొడుగు తోక. తీగనుండి బాణమువలె దూకి, గాలిలోనే పురుగును పట్టి, ఒక మెలిక తిరిగి, మరల అదే తీగపై అదే చోట వచ్చి కూర్చుండును. గురి తప్పుట అరుదు. తన జాగాకు కాకి వచ్చెనా, తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన దానిని వీథి చివరవరకు తరిమి వచ్చును. పసులవెంట తిరుగుచు, వాని వీపులపై నెక్కి, వాని కాళ్ల సందడికి లేచు మిడుతలను పట్టును గనుక దానికి ఆ పేరు కలిగినది. ఏట్రింతయని మరియొక పేరును కలదు. తమిళులు దీనిని కరిచాన్ అనియు, రెండుతోకల పిట్ట యనియు అందురు. థామస్ జెర్డన్ అను వైద్యుడు మదరాసు సైన్యములో కొలువు చేసి, నెల్లూరున సివిల్ సర్జనుగా నుండి, అచటి యానాదులవలన ప్రాణికోటి సంగతు లెన్నియో తెలిసికొనెను. 1862 మొదలు 1864 వరకు ఆయన ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథములో పలు పక్షులకు తెలుగు పేర్లను గూడ ఎక్కించెను. పరదేశి వైద్యుడు అడిగి వ్రాసికొనిన పేర్లవి. మన యిండ్లలో ఆ పేర్లు చెప్పగలవారు ఇప్పుడు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. తాతలుండగనే అడిగి వ్రాసికొనుడని పిల్లలకు మనవి.

రైలుదారి ప్రక్కనున్న తీగలపై ఆకుపచ్చని పసిరికపిట్టలు వరుసగా కూర్చుండును. వాని వేటయు పోలిగాని వేటవంటిదే, కాని మరింత నాజూకు. తేనెటీగ దొరకినచో తీగకేసి బాది, రుద్ది, ముల్లు పోగొట్టి తినును. ఉసిలికి ముల్లు లేదు గనుక ఆ శ్రమ అక్కరలేదు. అయినను కొన్ని పసిరికలు అలవాటుచొప్పున దానిని గూడ రెండు దెబ్బలు కొట్టుట చూచితిమి.

తీగలపైనుండి మేడలపైకి చూపు పోనిండు. అక్కడ కొడవళ్లవలె వంగిన రెక్కలతో, కిచకిచలాడుచు, గుంపులుగా తిరుగుచున్నవానిని మన యిండ్లలో వానకోయిల లనెడివారు. ఆ ఒక్క పేరు క్రింద నిజమునకు వేర్వేరు పక్షులు కలవు. తోకమొదట తెల్లని పట్టె గలిగి, తక్కిన యొడలు చాలవరకు నలుపుగా నున్నది ఒకటి. దాని కాళ్లు మిక్కిలి పొట్టి; వ్రేళ్లన్నియు ముందుకే తిరిగియుండును. తీగనుగాని కొమ్మనుగాని పట్టి కూర్చుండజాలదు. గోడకు గోళ్లతో వ్రేలాడవలెను, లేదా ఎగురుచునే యుండవలెను. తిండియు నీరును గాలిలోనే. నోరు చిన్నదిగా కనబడును గాని తెరచినచో కన్నులవరకు విచ్చుకొనును. పిల్లలున్న దినములలో పట్టిన పురుగులను వెంటనే మ్రింగక, గొంతులో ఉమ్మితో ఉండకట్టి గూటికి తీసికొనిపోవును. గూడు పాత మేడల చూరులక్రింద, వంతెనల అడుగున, ఈకలును గడ్డిపోచలును ఉమ్మితో అతికించి కట్టినది. పాత మేడను కూల్చి నున్నని గాజుగోడల మేడ కట్టినచో దానికి గోరు పట్టు చోటుండదు.

రెండవది తాటిచెట్టు నాశ్రయించి బ్రతుకునది. సన్నని యొడలు, బూడిదవన్నె గోధుమరంగు, లోతుగా చీలిన తోక. తాటియాకు అడుగుభాగమున ఈకలను నూగును ఉమ్మితో అంటించి చిన్న దొన్నెవంటి గూడు కట్టి, గ్రుడ్లను గూడ ఆ ఉమ్మితోనే అందు అతికించును. గాలికి ఆకు తలక్రిందులుగా ఊగినను గ్రుడ్డు జారిపడదు. కోవెల వెనుకనున్న రెండు తాళ్లపై నివి యున్నవి. ఎండి వ్రేలాడు ఆకులు చూచుటకు బాగుండవని కొట్టించుటకు ఎవరైన తొందరపడినచో, ముందుగా ఆకు అడుగున చూచి మరీ కత్తి నెత్తుడని మా మనవి.

మూడవది అతిథి. హిమాలయములనుండియు, వానికి ఆవలి యుత్తరదేశములనుండియు శీతకాలమునకు దిగివచ్చి, ఎండలు ముదరకముందే మరలిపోవును. నీలపు మెరుగుగల వీపు, ఎర్రని గొంతు, తోకకు రెండు పొడుగు ఈకలు. ఇది మాత్రము తీగపై హాయిగా కూర్చుండును. కనుక పిల్లలారా, దూరమునుండి ఆనవాలు తెలియకున్నచో ఒక్కటి గుర్తుంచుకొనుడు: తీగపై కూర్చున్న వానకోయిల మొదటి రెండింటిలో ఏదియు కాదు. ఇంకను సందేహమున్న 1941లో మొదట వెలువడిన సలీం అలీగారి పక్షిగ్రంథమున బొమ్మలు చూడవచ్చును.

అన్నింటికంటె పైన గ్రద్దలు. ఎలుకను, చేపను, అంగడి మాంసపు తునుకను తన్నుకొనిపోవు గ్రద్ద, బియ్యపుగింజను మించని పురుగుకై ఇంత శ్రమపడునా యని మొదట ఎవరికైనను వింత తోచును. కాని ఉసిళ్లు లేచిన సాయంకాలమున ఎక్కడెక్కడి గ్రద్దలో వచ్చి కోవెలపై వలయములుగా తిరుగును. వాని తినుతీరు తక్కిన పక్షులది కాదు. కాలితో పురుగును పట్టి, ఎగురుచునే ఆ కాలిని ముందుకు సాచి, తల వంచి, ముక్కున కందించుకొనును. మనము వేరుసెనగపప్పు నోట వేసికొనినట్లే యుండును. వానిలో నెర్రనిరెక్కలు, తెల్లనితల గల గరుడపక్షి యొకటి కనబడినచో మన అమ్మలు చెంపలు వేసికొందురు. అదియు ఆ సమయమున ఉసిళ్లనే తినుచుండును.

ప్రొద్దు గ్రుంకగనే ఈ సంతయంతయు ఎత్తివేయబడును. మొదట గ్రద్దలు, పిమ్మట కాకులు పోవును. పోలిగాడు అందరికంటె ఆలస్యముగా, ముక్కు కనబడని మసకలో గూడ ఇంకొక పురుగు, ఇంకొక పురుగు అని నిలిచియుండును. అటుపిమ్మట చిన్న గబ్బిలములు వచ్చును. అవి పక్షులు కావు గనుక వాని సంగతి విడుతుము. వీథిదీపము వెలిగిన కొంతసేపటికి పైడికంటి దిగును. ఇది అరచేయంత గుడ్లగూబ. దీపస్తంభపు కొమ్మిపై కూర్చుండి, గుండ్రని కన్నులు త్రిప్పుచు, వెలుగులో చిక్కిన ఉసిళ్లను పట్టును. దాని యరుపు అపశకునమని రాళ్లు రువ్వువారు మన వీథిలో ఇంకను కలరు. అది చేయుచున్న పని పురుగులను ఏరుట తప్ప మరేమియు కాదని వారికి ఈ సభాముఖమున తెలియజేయుచున్నాము.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పక్షులుండిన దోమలు పోవునని కొందరు ప్రచారము చేయుదురు. మేమట్లు చెప్పజాలము. వానకోయిలలు చిన్న పురుగులను విశేషముగా తినుమాట నిజమే. అందు దోమలును కొన్ని యుండవచ్చును. కాని మన పేటలోని దోమలకు మందు మన డాబాలపై మూతలేని తొట్లను కడుగుటయే. పక్షులను కాపాడుటకు దోమ సాకు అవసరము లేదు.

ఇప్పుడు ఖాళీస్థలము మాట. ఆ స్థలమున వేపచెట్టు క్రింద పుట్ట యున్నది. దీపావళి వెళ్లిన నాలుగవనాడు, కార్తిక శుద్ధ చవితినాడు, మన స్త్రీలు అందు పాలు పోయుదురు. నాగులచవితి మన యిండ్లలో ఎన్ని తరములనుండి నిలిచి వచ్చినదో అందరకు తెలిసినదే. కాని ఆ పుట్టను కట్టినది పాము కాదు, చెద. పాము వచ్చి చేరిన అద్దెయిల్లు మాత్రమే అది. చెదలు లోపల మెత్తని అరలు కట్టి, ఎండుటాకులు, పుల్లలు నమలి తెచ్చి, వానిపై ఒక జాతి బూజును సాగుచేసి తినును. వానలకు ఆ బూజే పైకి గొడుగై లేచును. పుట్టగొడుగు అను మాటను మన భాష ఊరక చేసికొనలేదు. చవితినాటికి ఈ నగరమున వానలు ముదిరియుండును. ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వర్షము మనకు కురియును. అందు సగమునకు మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే. ఆ వానకే పుట్టగొడుగు, ఆ వానకే ఉసిలి. మనము పాలు పోయు పుట్టయే పసులపోలిగానికి అన్నపుకుండ.

పుట్టను తొలగింపవలెనని ప్రతిపాదించినవారు కూడ అనలేదు. పుట్టను మాత్రము విడిచి, దాని చుట్టును గోడవరకు రాతిపలకలు పరచి, సందులు సిమెంటుతో పూడ్చవలెనని వారి మాట. వానకాలమున అక్కడ బురదయగుట, ముసలమ్మలు జారుట మేము కన్నులార చూచినదే. ఆ కష్టమును తేలికగా త్రోసివేయము. కాని చెదలు పుట్టలో మాత్రమే యుండవు. వాని సొరంగములు చుట్టును నేలలో దూరముగా ప్రాకియుండును. రాలిన ఆకు, ఎండిన పుల్ల వాని తిండి. ఉసిళ్లు పుట్టనుండియే కాక ఆ నేలనుండియు లేచును; వ్రాలి దూరుటకు వానికి మెత్తని మన్ను కావలెను. నేలయంతయు కప్పి పుట్టను నడుమ నిలుపుట, పొలము తీసికొని రైతునకు ఇల్లు విడుచుటవంటిది. కొన్ని యేండ్లు పూజకు నిలుచును. పిమ్మట లోపల ఖాళీయగును.

వాన నీటి మాటయు కలదు. 2015 డిసెంబరు వరదలో ఈ నగరము మునుగుటయు, 2019 వేసవిలో బిందెలతో నీటిబండ్లకై నిలుచుటయు మనమందరము అనుభవించినదే. మన వీథిలో ఇండ్లచుట్టు మన్ను కనబడు చోట్లు ఎన్ని మిగిలినవో ఇంటికి పోవుచు లెక్కించుడు.

పుట్ట చెదలు మన కలపకు హాని చేయవని మేము పూచీపడము. కోవెల వెనుకటి వసారా స్తంభములు కొయ్యవి. వానికి రాతిదిమ్మెలు అడుగున పెట్టించి, ఏటేట చూచుకొనుట మంచిది. అది వడ్రంగి చేయు పని. స్థలమునంతను పూడ్చుటకంటె వ్యయము తక్కువ.

కనుక మా ప్రత్యామ్నాయ ప్రతిపాదన యిది. వెనుక వాకిలినుండి పుట్టవరకు ఇద్దరు ప్రక్కప్రక్కన నడువదగిన బాట యొకటి రాతితో వేయుదము. ప్రక్కన పట్టుకొనుటకు ఇనుపకడ్డీ పెట్టుదము. ప్రదక్షిణమునకు పుట్టచుట్టును రాయి కాక ఇసుక పోయుదము. తక్కిన నేల, వేపచెట్టు, రెండు తాళ్లు ఉన్నవి ఉన్నట్లుండనిత్తము. రాలిన ఆకును తగులబెట్టక చెట్టు మొదటనే త్రోయుదము. చవితినాడు పాలు పోయు తల్లులకు బురద తగులదు, పోలిగానికి విందు తప్పదు. దీనికగు ఖర్చు మొదటి ప్రతిపాదనకగు ఖర్చుకంటె ఎక్కువ కాదని మేస్త్రీతో మాటలాడి తెలిసికొంటిమి. లెక్క కాగితము కార్యదర్శిగారి చేతికిచ్చితిమి.

చర్చలో ఏది నిర్ణయమైనను, నిర్ణయించుటకు ముందు ఒక్కమారు చూడవలెనని మా కోరిక. ఆకాశము చూడగా రెండు మూడు దినములలో వాన కురియునట్లున్నది. వాన నిలిచిన సాయంకాలము ఐదుగంటలకు కోవెల ఎదుటి మేడపైకి రండు. మెట్లతలుపు తీసి, చాపలు పరచియుంచెదము. ప్రక్కయిండ్లవారు ఏడుగంటలవరకు డాబా దీపములు వేయకుండిన ఉపకారము. పిల్లలు పెన్సిలును, కాగితమును తెచ్చుకొనిన మంచిది. ఏ పక్షి ఏ యెత్తున తినుచున్నదో, దానిని వారి తాతయ్యగాని అమ్మమ్మగాని ఏ పేర పిలిచెడివారో రెండును వ్రాసికొనవలెను. గొడుగులు మరువకుడు, గ్రద్దలు గింగిరాలు తిరుగుచుండగనే మరల చినుకులు పడుట కలదు.